మాల ఎప్పుడు తీయాలని అడిగాడు

తాగుడు మానేసినవాళ్ల సంఘంలో కొత్తవాడికి పాతవాడొకడు తోడుంటాడు. అతణ్ణి స్పాన్సర్ అంటారు. ఈ రోజు దర్శి మీటింగ్ అయ్యాక, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లో పనిచేసే శ్రీను నన్ను స్పాన్సర్‌గా ఉండమన్నాడు. సరేనన్నాను. అతను ఏటా అయ్యప్ప మాలలో ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టడు, మాల తీసిన సాయంత్రమే మొదలుపెడతాడు. ఇంకా తాగితే బతకవని డాక్టర్ చెప్పేశాడు.

నా కాళ్లకు దండం పెట్టాడు.

"గురుస్వామీ, మరి దీన్ని ఎప్పుడు తీసెయ్యాలి?"

"దీనికి తీసెయ్యడం ఉండదురా. ఏ రోజుకారోజు మానుకుంటూ పోవడమే."

"బతికినన్నాళ్లా? నా వల్ల కాదులే అన్నా," అని నవ్వి బండెక్కాడు.

నేను బస్టాండుకు వస్తుంటే, వైన్‌షాపు ముందు ఆ బండి కనిపించింది. లోపలికి వెళ్లి పిలవలేదు. వెళితే ఇద్దరం కూర్చుంటాం.

ఏదో ఒక తేదీ చెప్పి అబద్ధమాడాల్సిందా? తెలిసినవాళ్లు చెప్పండి.