జెండాకు రెండోవైపు

దేవరాజ్ ఆఖరున చేసిన పని, దారం కొన నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించడం. కళ్లజోడు తీసి మగ్గం పట్టె మీద పెట్టి, “టీ పెట్టమ్మా” అన్నాడు. కూతురు సూసన్ గ్లాసుతో వచ్చేసరికి తల జెండా మీదికి వాలిపోయి ఉంది.

జగ్గయ్యపేటలో పెళ్లి జాకెట్లకు మగ్గం పని చేసే మనిషికి ఫ్రాన్సు జెండా ఎక్కడిది? పని ఇప్పించే దళారి, నందిగామ తిరుపతిరావు తెచ్చిన ఆర్డరు. పాతకాలం సిపాయిల వేషాలు కట్టి యుద్ధాలాడే వాళ్లెవరో ఫ్రాన్సులో ఉన్నారట. వాళ్లకు నెపోలియన్ పటాలం జెండా కావాలి. నీలం, తెలుపు, ఎరుపు నిలువు పట్టీలు, బంగారు కుచ్చులు, గద్దలు, తేనెటీగలు. ముందువైపు పటాలం నంబరు, వెనకవైపు యుద్ధాల పేర్లు. అంతకుముందు రాజుల కాలంలో జెండా నడుమ తెల్ల సిలువ ఉండేదని, మూలల రంగుల్ని బట్టి పటాలాన్ని గుర్తుపట్టేవారని విని దేవరాజ్ మురిసిపోయాడు. పేటలో ఏ విశ్వాసి పోయినా పెట్టె మీద కప్పే గుడ్డకు జరీ సిలువ కుట్టేది ఆయనే.

ఒకే బట్ట మీద కుడితే రెండోవైపు అక్షరాలు తిరగబడతాయి. అందుకని రెండు బట్టలు విడిగా కుట్టి కలపాలి.

“రెండోవైపు ఎవడు చూస్తాడు దేవరాజూ? ప్రింటు కొట్టించేద్దాం” అన్నాడు తిరుపతిరావు.

“కొట్లాడి చచ్చినోళ్ల సంగతి ఆ వైపే ఉందండి. నే కుట్టే ఇస్తా.”

ఎనిమిది పేర్లు. ఎనిమిదోది సగంలో ఆగింది.

మర్నాడు చర్చి సంఘం వాళ్లు ఫ్లెక్సీ తెచ్చారు. నడుమ దేవరాజ్ ఫొటో, చుట్టూ వాళ్ల ఫొటోలు. పెట్టె మీద గుడ్డ మాట ఒక్కడికీ గుర్తు రాలేదు. సూసన్‌కు ఒళ్లు మండిపోయింది. ఊరందరికీ కప్పినవాడికి కప్పే దిక్కు లేదా?

అంతలో తిరుపతిరావు దండతో దిగాడు. దండ వేసి, గొంతు తగ్గించాడు.

“ఇప్పుడడక్కూడదు గానీ అమ్మా, కొరియర్ ఇవాళే. ఆ రెండు ముక్కలూ ఇస్తే మిగతాది మిషను మీద లాగించేస్తా.”

ఆమె ముందువైపు బట్ట తెచ్చి ఆయన చేతిలో పడేసింది.

“రెండోది?”

“అది ఎవడూ చూడడన్నారుగా. మీక్కావలసిన వైపు పట్టుకెళ్లండి.”

మగ్గానికున్న బట్టను కత్తెరతో కోసి పెట్టె మీద పరిచింది. పాస్టరుగారు ఇబ్బందిగా కదిలారు. “పరాయి దేశం జెండా గదమ్మా.”

“మా నాన్న కుట్టిందండి” అంది. బట్ట ఆయనతోపాటే మట్టిలోకి పోయింది.

ఏడాది తిరిగాక, తను బళ్లో చెప్పే సోషల్ పాఠం కోసం వెతుకుతుంటే సూసన్‌కు తెలిసింది: ఆ జెండాల మీద చచ్చినోళ్ల యుద్ధాలన్నీ ఉండవు. చక్రవర్తి స్వయంగా దగ్గరుండి నడిపించిన వాటికే అక్కడ చోటు.