కాటా గదిలో పెద్దరికం

మద్రాసు పక్కన తిరువొత్తియూరులో సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న పైపుల ఫ్యాక్టరీలో తాయారుది పందొమ్మిదేళ్ళ సర్వీసు. అందులో పదహారేళ్ళు టెలిఫోన్ బోర్డు ముందే గడిచాయి. చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని, కళ్ళు సగం మూసుకుని, ఏ గొంతు ఏ షెడ్డు నుంచి వస్తోందో ఇట్టే పట్టేసేది. బోర్డు ఎత్తేశాక ఆమెను గేటు దగ్గర లారీల నంబర్లు రాయడానికి పంపేద్దామనుకున్నారు పెద్దమనుషులు. ఆవిడ ఊరుకుంటుందా? తీగలు లాగేవాళ్ళ వెంటపడి తిరిగి, అర్థమైనా కాకపోయినా లావుపాటి పుస్తకాలు చదివి, నలభై ఏళ్ళు దాటాక కంప్యూటర్ గదిలో ఒక కుర్చీ సంపాదించుకుంది. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం.

మధ్యాహ్నం పెరుగన్నం తిని ఆ చల్లటి గదిలో కూర్చుంటే, ఎదురుగా స్విచ్చుల మీద పచ్చ దీపాలు మినుకు మినుకుమంటూ ఉండేవి. వాటిని చూస్తూ చూస్తూ ఎటో వెళ్ళిపోయేది తాయారు. తానే తీగలోంచి నడుచుకుంటూ ఒక షెడ్డు దాటి ఇంకో షెడ్డులోకి, అక్కడి నుంచి సముద్రపు గాలి కొట్టే, లారీలు తూచే కాటా గదిలోకి పోతున్నట్టుండేది. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడేది. నిద్రపోతోందని అందరూ నవ్వుకునేవాళ్ళు.

స్విచ్చులంటే లైటు స్విచ్చులు కావు లెండి. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించే పెట్టెలు. ఒక తీగ తెగినా పని ఆగకూడదని ప్రతి షెడ్డుకూ రెండు దారులు వేశారు. రెండూ ఒకేసారి తెరిచి ఉంటే మాత్రం మాటలు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి. అందుకని ఆ పెట్టెలన్నీ కలిసి తమలో ఒకదాన్ని పెద్దగా ఎంచుకుంటాయి. దానికి రూట్ అని పేరు. ఆ పెద్ద దగ్గరికి పోయే దారులు తెరిచి, మిగతావి మూసేస్తాయి. ఇక మాటలన్నీ ఆ పెద్ద మీదుగానే పోవాలి. ఎవరు పెద్దో మనం చెప్పకపోతే, తయారైన చోట వేసిన నంబరు ఎవరిది చిన్నదో చూసుకుంటాయి. సాధారణంగా అది అన్నిటికంటే పాతదీ, నిదానమైనదీ అయి ఉంటుంది.

తొంభై ఎనిమిదిలో, ఆయుధ పూజ వెళ్ళిన మర్నాటి నుంచి నెట్‌వర్కుకు నీరసం పట్టుకుంది. కాటా గదిలో లారీ తూకం చీటీ రావాలంటే పది నిమిషాలు. లారీలు గేటు దాటి రోడ్డు మీద బారులు తీరాయి. కంప్యూటర్ గది ఇంజనీరు శ్రీకుమార్, ఇరవై ఆరేళ్ళవాడు, వారం రోజులు ఉన్న మిషన్లన్నీ ఆపి తెరిచి, ఆపి తెరిచి నీరుకారిపోయాడు. మేనేజరు వెంకటాచలపతి ఒక్కటే మాట చెప్పాడు. "శనివారం లోపల సరికావాల. ఎవరి చేతి మీద జరిగిందో రాసియ్యి. ఆ మనిషికి ఇంక ఆ గదిలో పని లేదు, గేటే."

శుక్రవారం మధ్యాహ్నం తాయారు కొత్తగా కొన్న పెద్ద స్విచ్చిని నెమ్మదిగా అడిగింది, ఇప్పుడు మీ పెద్ద ఎవరని. తెర మీద ఒక నంబరు వచ్చింది. నాలుగు వందల ఫోన్ నంబర్లు నోటికి వచ్చిన మనిషి ఆమె. చూడగానే గుర్తుపట్టింది.

అది ఫ్యాక్టరీ మొట్టమొదట కొన్న స్విచ్చి. ఏడాది కిందటే తీసి అటక మీద పెట్టేశారు. ఇన్నాళ్ళు అన్నం పెట్టింది కదా అని తాయారే దాన్ని దింపి, దుమ్ము తుడిచి, చందనం రాసి, బొట్టు పెట్టి పూజలో వరసన కూర్చోబెట్టింది. మర్నాడు కాటా గది గుమాస్తా రంగసామి దాన్ని మళ్ళీ అటక మీద పెట్టడానికి తీసుకుపోతుంటే, "పూజ చేసిన మిషన్ని తిప్పకుండా మూలన పెట్టకూడదప్పా. మీ కాటా గదిలో ఒక గంట తిప్పి తీసెయ్," అని చెప్పింది కూడా ఆవిడే.

రంగసామికి ఫోన్ చేసి, ఆ పాతది ఇంకా తగిలించే ఉందా అని అడిగింది.

"ఆమా అక్కా! మా గదిలో కొత్తదాంట్లో తీగలన్నీ పీకి దాంట్లోనే పెట్టినా. బాగా ఆడతా ఉండె, సరి, ఉండనీలే అని ఇడిసిపెట్టినా. ఏం, తప్పా?"

"నీ తప్పు ఏం లేదులే," అంది తాయారు.

పాత పెట్టె సంగతి వినగానే శ్రీకుమార్ ఎగిరి లేచాడు. "అంతే గదా అక్కా! ఇప్పుడే పోయి పీకేస్తా."

"పీకితే? దాని తర్వాత పాతది స్టోర్సులో ఉండాది. అది పెద్దవుతాది. రేపు ఇంకెవరో ఇంకోటి తెచ్చి తగిలిస్తారు. మన గదిలో ఈ కొత్తదానికి నువ్వే పెద్ద అని మనం నోరు తెరిచి చెప్పాల."

"పట్టపగలా? ఫ్యాక్టరీ అంతా నిలిచిపోతాది. అయ్యయ్యో, నా వల్ల కాదు."

"ఒక్క నిమిషం. నేను చేస్తా."

షెడ్డు షెడ్డుకూ ఫోన్ చేసి, ఒక్క నిమిషం చేతులు కట్టుకుని కూర్చోండి స్వామీ, అని బతిమాలింది. కొత్త స్విచ్చికి అన్నిటికంటే చిన్న అంకె ఇచ్చి, మీట నొక్కింది.

పచ్చ దీపాలు ఒక్కొక్కటే నారింజ రంగులోకి తిరిగాయి. గదిలో ఏదో మెత్తటి మసక దిగినట్టయింది. తాయారు కళ్ళు మూసుకుంది. షెడ్ల మధ్య తీగల్లో గుసగుసలు. ఎవరు పెద్ద, ఎవరు పెద్ద అని ఒకదాన్నొకటి అడుగుతున్నాయి. అవతల కాటా గదిలో, నుదుట బొట్టుతో పాతది ఆ ప్రశ్న విని, మారు మాట్లాడకుండా పక్కకు జరిగి దారి ఇచ్చింది. దాన్ని చూసి తాయారుకు ఎంత జాలి వేసిందో! దాని పక్కనే కాసేపు నిలబడదామనిపించింది. గోడ అవతల సముద్రం ఒకటి, రెండు, మూడు అలలు విసిరింది.

కళ్ళు తెరిచేసరికి ఒక దీపం పచ్చగా ఉంది. తర్వాత దాని పక్కది. ఫోన్ మోగింది.

"అక్కా, చీటీ వచ్చేసె! టక్కుమని వచ్చేసె!" రంగసామి అరుస్తున్నాడు.

శ్రీకుమార్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రిపోర్టు రాయడానికి కూర్చుని గొంతు తగ్గించాడు. "ఎవరు తగిలించినారో తెలీదని రాసేస్తా అక్కా."

"అట్ట రాస్తే రంగసామి మీద పడతాది. వాడు నేను చెప్పిందే చేసినాడు. నా పేరు రాయి."

"వేణామ్, వద్దక్కా! గేటుకు పంపిచ్చేస్తారు."

"రాయి నాయనా."

వాడు రాస్తుంటే ఆమె కుర్చీ చేతిని తడుముతూ కూర్చుంది. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదా అని మనసు పోరుపెడుతూనే ఉంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

వెంకటాచలపతి చెప్పిన మాట తప్పే రకం కాదు. సోమవారం పొద్దున తాయారు గేటు దగ్గర రేకుల కింద స్టూలు మీద కూర్చుని ఉంది. ఉప్పుగాలి, డీజిల్ పొగ. లారీలు ఇలా వచ్చి అలా వెళ్ళిపోతున్నాయి.

నెల్లూరు లారీ డ్రైవరు ఒకడు కిందికి వంగి అడిగాడు. "ఏందమ్మా, పోయిన వారం మూడు గంటలు ఎండలో నిలబెట్టిరి. ఇయ్యాల రెండు నిమిషాల్లో పంపించేసిరే?"

తాయారు లారీ నంబరు రాసుకుంటూ తల ఎత్తలేదు.

"లోపల ఒకామె ఉండె," అంది. "ఆమె సరిచేసి పెట్టి పోయింది."