గడ్డి కూరిన దూడ

మా మామ మడిమనిషి. పిల్లి మూతి పెట్టిన పాలు పారబోయించి, గిన్నె మూడుసార్లు తోమించేవాడు. అంత శుభ్రం తెలిసిన పెద్దమనిషి ఎనుము దాణాలోకి కొనుక్కొచ్చింది వానకు తడిసిన చెనిక్కాయ చెక్క.

అరవైల తొలి ఏళ్ళు. సత్యనారాయణపేటలో పెరట్లో గేదెను, మా వైపు మాటలో ఎనుమును, కట్టుకున్న ఇల్లు మాది. కౌల్ బజారులో నూనెమిల్లు వెనక, నూనె తీయగా మిగిలిన చెక్క తడిసిన మూటలు చౌకగా ఇస్తున్నారంటే పరుగెత్తి బండి నిండా తెచ్చాడు. విప్పితే చెక్క నిండా పచ్చటి బూజు. ముక్కు మూసుకోకుండా దగ్గరికి పోలేం.

"ఏంది మామా, అంతా బూజు పట్టి ఉండాది" అన్నాను.

"గొడ్డుకు బూజేందమ్మీ! మనుషులు తినేదా ఏమన్నా? బెల్లం నీళ్ళు పోసి కలుపు, తింటాది."

మొదటి రోజు ఎనుము తల తిప్పేసుకుంది. ఆ ఇంట్లో బుద్ధి ఉన్నది దానికొక్కదానికే. మరింత బెల్లం పోసి ఆ బుద్ధి కూడా చెడగొట్టింది నేనే. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

మా పాపా, ఎనుము దూడా వారం తేడాతో పుట్టారు. నాకు పాలు పడలేదు, పాపకు ఎనుము పాలే గతి. ఐదో నెలలో దూడ తల్లి తొట్టిలో మూతి పెట్టడం నేర్చింది. కొన్నాళ్ళకే మేత మానేసి పడుకుంది, మళ్ళీ లేవలేదు. దిష్టి అన్నాడు మామ. మా ఆయన తల ఊపాడు. తండ్రి ఏమన్నా తల ఊపడమే ఆయన చదివిన చదువు.

దూడ లేకుంటే ఎనుము చేపదు, పాలు దిగవు. మామ చచ్చిన దూడ చర్మం ఒలిపించి, గడ్డి కూరించి, నాలుగు కట్టెల మీద ఎనుము ముందర నిలబెట్టించాడు. ఎనుము ఆ గడ్డిబొమ్మను నాకింది, చేపింది. చెంబు నిండింది. మామ మొహం వెలిగింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ పాలు కాచి పాపకు పట్టబోయి గిన్నె కింద పెట్టేశాను.

"దూడను చంపింది ఆ చెక్కే. ఈ పాలు మంచివెట్లయితాయి మామా?"

"ఎనుము కడుపులో పడితే అంతా శుద్ధే. తాపమ్మీ, బిడ్డను ఎండబెట్టొద్దు."

చెప్పేవి శ్రీరంగ నీతులు. గ్లాసెడు పాలు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"అయితే మొదట నువ్వు తాగు."

గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఈ పొద్దు ఏకాదశి" అన్నాడు.

ఏకాదశికి పాలు తప్ప ఏమీ ముట్టని మనిషి!

పాపను ఎత్తుకుని ఎదురింటి సాయిబుల గడప ఎక్కాను. వాళ్ళ మేకపాలతోనే నా బిడ్డ పెరిగింది. ఆ ఇంటి నీళ్ళు కూడా తాకని మామ, నేను పోతుంటే పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఎనుము పాలు ఆ సాయంత్రం నుంచి బజారు హోటలుకు పోయాయి. పిల్లి మూతి పెట్టినవైతే పారబోయించేవాడు.