నన్ను నలభై రెండు దాటించిన వస్తాదు

మూడు వారాల కిందట, ఒక మంగళవారం పొద్దున కొట్టు తలుపు తీస్తుండగా పాలవ్యాను డ్రైవరు ఆగి మా వస్తాదు పోయాడని చెప్పాడు. ఎప్పటిలాగే తెల్లవారకముందే లేచి, మొహం కడుక్కొని, అరుగు మీద కూర్చున్న మనిషి అట్లాగే గోడకు ఒరిగిపోయాడట. ఇలాంటి కబురు విన్నప్పుడు ముందు దుఃఖం రావాలి. నాకు రాలేదు. నా చేయి నా ఎడమ రొమ్ము మీదికి పోయింది. లోపల కొట్టుకుంటోందా లేదా అని చూసుకున్నాను. దుఃఖం ఆ తరువాత, తాళంచెవులు జేబులో వేసుకుని వాళ్లింటి వైపు నడుస్తుంటే వచ్చింది. ఈ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆయన గురించి రాస్తూ నా భయాన్ని దాచిపెడితే రాయడానికి ఇంకేమీ మిగలదు.

మాది చంద్రగిరి బజారులో బట్టల కొట్టు. మా పని కూర్చోవడం. పొద్దున పరుపెక్కితే మధ్యాహ్నం భోజనానికి లేచేదాకా కదిలేది చేతులూ నోరే. మా నాయన అట్లా కూర్చునే, ఎవరికో పంచెల చాపు విప్పి చూపిస్తూ, గజంబద్ద చేతిలో ఉండగానే తానుల మీదికి వాలిపోయాడు. బేరమాడుతున్న ఆసామి ఆయన కునుకు తీస్తున్నాడనుకుని కాసేపు మర్యాదగా కాచుకుని ఉన్నాడట. నాయనకు అప్పుడు నలభై రెండేళ్లు. నాకు పద్నాలుగు. ఆ రోజు నుంచి ఆ అంకె మా ఇంట్లో ఎవరూ పలకరు. మా అమ్మ కొట్లో తాను కొలిచేటప్పుడు కూడా నలభై ఒకటి, ఇంకొకటి, నలభై మూడు అని లెక్కబెట్టేది.

నాకు నలభై నిండేసరికి నేను అచ్చం మా నాయనలాగే తయారయ్యాను. అదే పొట్ట, నాలుగు మెట్లెక్కితే అదే ఆయాసం. ఒకరోజు బెల్లం మండీకి పనిమీద వెళ్లి, సరదాకి కాటా ఎక్కితే తొంభై ఆరు కిలోలు తూగాను. హమాలీలు ఈ మూటను ఏ ఊరికి పంపాలని అడిగి నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి గది తలుపు వేసుకున్నాక చెమటలు పట్టాయి. నాకిక రెండేళ్లే ఉన్నాయని ఎవరో చెవిలో చెప్పినట్టయింది. అప్పటికి మా పెద్దది ఆరో తరగతి. చిన్నోడు ఇంకా పలక మీదే ఉన్నాడు.

మర్నాడు వస్తాదు దగ్గరికి పోయాను. కోటకు వెళ్లే దారిలో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. పటాలంలో కసరత్తు నేర్పే ఉద్యోగం చేసి వచ్చాడు. అరవై దగ్గర పడుతున్నా ఒంట్లో ఎక్కడా పిడికెడు కొవ్వు లేదు. పెళ్లికి పిలిచినా ఖాకీ నిక్కరు మీదే వచ్చేవాడు. ఎందుకొచ్చావని అడిగితే, ఒళ్లు తగ్గడానికని చెప్పాను. ఆయన నన్ను కిందా మీదా చూశాడు.

“సన్నబడాలని వచ్చినోడు అద్దం తిక్కు సూస్తాడు. నువ్వు వాకిలి తిక్కు సూస్తా ఉండావు. దేనికి బయపడతా ఉండావప్పా?”

అంతవరకు నా భార్యకు కూడా చెప్పని మాట ఆయనకు చెప్పాను. ఏమీ కాదులే అనలేదు. అలా అనే మనుషులు నాకు బోలెడంతమంది దొరికేవాళ్లు. తిరుపతికి పోయి గుండె చూపించుకుని, డాక్టరు చేత రాయించుకుని వస్తేనే ఇనుము ముట్టనిస్తానన్నాడు. డాక్టరు గుండెకేమీ లేదన్నాడు, బరువు మాత్రం దించుకోమన్నాడు.

ఆయన పద్ధతి విన్నవాళ్లు నవ్వేవాళ్లు. అప్పట్లో మా వైపు ఒళ్లు తగ్గాలంటే అన్నం మానేయమనో, కోట చుట్టూ నడవమనో చెప్పేవాళ్లు. బరువులెత్తడం పైల్వాన్ల పని, లావెక్కాలనుకునేవాళ్ల పని. ఈయన పరుగునూ బరువునూ కలిపాడు. ముందు ఇనుము, ఆ తరువాత కొండ. పాత బండి ఇరుసుకు రెండు వైపులా, డబ్బాల్లో పోసి ఆరబెట్టిన సిమెంటు దిమ్మలు బిగించి ఉండేవి. దాన్ని నేల మీంచి నడుముకు, నడుము నుంచి భుజాలకు, అక్కడి నుంచి తల మీదికి ఎత్తాలి. అరగంటయ్యాక, చేతులు ఇంకా వణుకుతుండగానే కోట వెనకాల కొండ దగ్గరికి తీసుకుపోయేవాడు. ఏటవాలు దారిలో ఒక పెద్ద రాతిగుండు దాకా ప్రాణం పెట్టి పరుగెత్తాలి. అర నిమిషం కూడా పట్టదు. మెల్లగా నడుస్తూ దిగాలి. మళ్లీ పరుగు. మొదట మూడుసార్లతో మొదలుపెట్టించి, పోనుపోను ఎనిమిదికి తెచ్చాడు. వారానికి మూడు దినాలే. నాలుగో దినం కనబడితే తిట్టి పంపేసేవాడు. వట్టి పరుగైతే మనిషి ఎండిపోతాడనీ, వట్టి ఇనుమైతే కొవ్వు అట్లాగే ఉండి దాని కింద కండ పెరుగుతుందనీ, రెండూ కలిస్తేనే కొవ్వు కరిగి కండ నిలుస్తుందనీ ఆయన నమ్మకం. “కొవ్వు సుట్టం మాదిరప్పా, పొమ్మంటే పోదు. తీరిక లేకుండా పని సెప్తా ఉంటే అదే పోతాది” అనేవాడు.

ఎవరు మళ్లీ పరుగెత్తడానికి సిద్ధమో తేల్చడానికి ఆయన గడియారం చూసేవాడు కాదు. గోత్రనామాలు చెప్పమనేవాడు. గుళ్లో అర్చన చేయించేటప్పుడు చెప్పినట్టు, గోత్రం, ఇంట్లో అందరి పేర్లు, పెద్దవాళ్ల నుంచి చంటిబిడ్డ దాకా, వగర్చకుండా వరసగా చెప్పాలి. మాతో వచ్చే పోస్టుమ్యాన్ క్రైస్తవుడు. అతను గోత్రం వదిలేసి ఆరుగురు అక్కచెల్లెళ్ల పేర్లు చెప్పేవాడు. ఆరు పేర్లయ్యేసరికి అతనికి మాకంటే ఎక్కువ విశ్రాంతి దొరుకుతోందని మాకు కడుపుమంట. పేర్లు సాఫీగా వస్తే పరుగు, తడబడితే నడక. నాకు మాత్రం ఈ పద్ధతి గుబులు పుట్టించేది. నేను పోతే దిక్కులేనివాళ్లయ్యే మనుషులనే, వరసగా, పేరుపేరునా తలుచుకోవాలి కదా.

ఇంకొక అలవాటు. షెడ్డులోకి అడుగుపెట్టిన ప్రతి మనిషినీ బాగున్నావా అని కాదు, ఏం తినొచ్చినావని అడిగేవాడు. అది మర్యాదకు అడిగే ప్రశ్న కాదని, జవాబు చెప్పేటప్పుడు మొహంలోకి చూసే తీరును బట్టి తెలిసేది. ఏమీ తినలేదంటే నాలుగు ఉడకేసిన చెనిక్కాయలు చేతిలో పోసి, ఇవి తిని ఇంటికి పో అనేవాడు. ఒక్కపొద్దని ఉపవాసం ఉన్నవాళ్లను అసలు గడప దాటనిచ్చేవాడు కాదు.

రెండేళ్లు తిరగకముందే ఎనభై ఒక్క కిలోలకు దిగాను. చొక్కాలన్నీ మళ్లీ కుట్టించుకున్నాను. బరువు తగ్గేకొద్దీ భయం కూడా తగ్గాలి కదా. తగ్గలేదు. అంకె దగ్గరపడుతోంది. ఇంకో నెలకు నాకు నలభై రెండొస్తాయి. ఒక్క దినం కొండకు పోకపోతే ఆ దినం నా ఆయుష్షులోంచి తెగిపోయినట్టుండేది.

అప్పుడొచ్చింది పెరటాసి నెలలో మూడో శనివారం. పెరటాసి శనివారాలు మా ఇళ్లలో ఎంత గట్టివో మా జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. స్వామి ముందు ఆకులో నైవేద్యం పరిచి తళిగ వేసి, గోవిందలు చెప్పి, హారతి ఇచ్చేదాకా గుటక నీళ్లు కూడా దిగకూడదు. నాకు ఏడేళ్లప్పటి నుంచి తప్పని ఒక్కపొద్దు అది. ఉపవాసం విడవాలంటే స్వామికి భయం. కొండ మానేయాలంటే చావుకు భయం. రెండు భయాల మధ్య నాకు ఒకే దారి కనబడింది. వస్తాదు ఏం తినొచ్చావని అడిగితే, రెండిడ్లీలని చెప్పాను. ఆయన ఒక క్షణం ఎక్కువగానే చూశాడు. ఇంతకాలం అబద్ధం చెప్పని మనిషి కదా అని నమ్మాడు.

ఇనుము బాగానే ఎత్తాను. కొండ మీద మొదటి రెండు పరుగులూ బాగానే జరిగాయి. మూడోది దిగేటప్పుడు దారి తెల్లగా కనబడింది. పేర్లు చెప్పమన్నాడు. గోత్రం చెప్పాను, అమ్మ పేరు చెప్పాను. నా పేరు దగ్గరికొచ్చేసరికి మా నాయన పేరు చెప్పాను. చెప్పినట్టు నాకు తెలుసు, మార్చడానికి నాలుక తిరగలేదు. వస్తాదు మొహంలో రంగు మారడం చూశాను. ఆ తరువాత ఏమీ తెలియదు.

ఆయన నన్ను భుజాన వేసుకుని కొండ దిగాడట. పోస్టుమ్యాన్ ఒక పట్టు పడతానన్నా వినలేదట. రోడ్డు మీద పాలవ్యానును ఆపి తిరుపతి ఆసుపత్రికి చేర్చాడు. కళ్లు తెరిచేసరికి గ్లూకోజు ఎక్కుతోంది. ఒంట్లో నీళ్లూ లేవు, చక్కెరా లేదు, గుండె మాత్రం బాగుందని డాక్టరు చెప్పి వెళ్లాడు. వస్తాదు కాళ్లకు చెప్పుల్లేకుండా గోడను ఆనుకుని నిలబడి ఉన్నాడు. అన్నా, తప్పయిపోయిందన్నాను.

“పటాలంలో ఒకడు నా కండ్ల ముందర పడి మళ్లా లేయలేదు. వాడూ తినొచ్చినాననే సెప్పినాడు. ఆ దినం నుంచి మీరు కొండెక్కి దిగేదాకా నాకు ఊపిరాడదప్పా. నీ బయం నాకు సెప్పినావు, దాన్ని నేను మోస్తా ఉండాను. నీ ఆకలి ఎందుకు దాచినావు?”

ఇన్నాళ్లూ ఆ షెడ్డులో భయపడే మనిషిని నేనొక్కణ్ణే అనుకున్నాను.

ఆ తరువాత ఆయన నన్ను గడప తొక్కనివ్వలేదు. పదిహేను రోజులు రోజూ పోయాను, రోజూ తలుపు దగ్గరి నుంచే వెనక్కి పంపాడు. అటు పుట్టినరోజు ముంచుకొస్తోంది. చివరికి, నలభై రెండేళ్లు నిండబోతున్నవాణ్ణి, బడి మానేసిన పిల్లాడిలాగా అమ్మను వెంటబెట్టుకుని పోయాను. బజారంతా చూసి నవ్వింది. మా అమ్మ షెడ్డు బయటే నిలబడింది. స్వామి అంటే ప్రాణం పెట్టే మనిషి, శనివారాలు అరవై ఏళ్లుగా తప్పని మనిషి.

“వానికి ఇంక ఒక్కపొద్దు లేదప్పా. వాని వంతు కూడా నేనే ఉంటాను, సామికి నేను సెప్పుకొంటాను. నువ్వు మాత్రం వాన్ని దాటించు” అనింది.

దేన్ని దాటించాలో ఆమె చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. రేపు రమ్మన్నాడు. అయితే వచ్చిన ప్రతిసారీ ఏం తిన్నానో ఇంట్లోంచి చీటీ తేవాలన్నాడు. ఏడాది పొడుగునా మా ఆవిడ చేత ‘సంగటి, పప్పు’ అని రాయించుకుని తెచ్చాను. పోస్టుమ్యాన్ దాన్ని తీసుకుని అందరికీ వినబడేలా చదివేవాడు.

ఆ ఏడాది ఎలా గడిచిందో రాయలేను. ప్రతి రాత్రి పడుకునేటప్పుడు ఒకటి తీరిందనుకునేవాణ్ణి. నలభై మూడు వచ్చిన పొద్దున కొండకు పోతే ఆయన ఎప్పటిలాగే ఎనిమిదిసార్లు పరుగెత్తించాడు. ఇప్పుడు నాకు యాభై ఒకటి. డెబ్బై ఆరు కిలోలు. నేను బతికి ఉండటం ఆయన చలవే అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు, కాబట్టి ఆయన వినలేని ఈ చోట చెబుతున్నాను.

దినాలు అయ్యాక వస్తాదు భార్యను, వదినను పలకరించడానికి వెళ్లాను. ఆమె చాప వేసి కూర్చోబెట్టింది. నా వయసు ఆమెకు నోటికొచ్చు. ఏటా నా పుట్టినరోజు నాడు ఆయన ఇంటికొచ్చి, వాడు ఇంకోటి దాటినాడే అని చెప్పి, ఆ దినం మాత్రం పాయసం చేయమనేవాడట. నాకు ఏడుపొచ్చింది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, మామూలుగా మాట్లాడినట్టే చెప్పింది.

“ఎదలో నొప్పి ఆయనకు శానా ఏండ్లుగా ఉండాదప్పా. మాత్రలు నడుముకు కట్టుకోని తిరిగేవాడు. ఎవురికీ సెప్పొద్దన్నాడు. నీకైతే అసలుకే సెప్పొద్దన్నాడు.”

ఎప్పటి నుంచి అని అడగడానికి నోరు తెరిచాను. ఒకప్పుడు మాతోపాటు గుండు దాకా పరుగెత్తిన మనిషి, నన్ను భుజాన మోసుకుని దిగిన ఆ ఏటి నుంచి, తొమ్మిదేళ్లుగా మోకాళ్ల నొప్పులని చెప్పి కొండ కిందే నిలబడిపోయాడు. ముసలాడివయ్యావని మేమందరం ఆటపట్టించాం. నేనే అందరికంటే ఎక్కువ ఆటపట్టించాను. వదిన నా మొహం చూస్తోంది. నేను అడగలేదు. ఆమె కాఫీ తేవడానికి లోపలికి వెళ్లింది.

తిరిగి వచ్చేటప్పుడు కాళ్లు వాటంతటవే కోట వైపు నడిచాయి. వస్తాదు లేకపోయినా నలుగురు కుర్రవాళ్లు కొండ మీద పరుగులు పెడుతున్నారు. ఈమధ్యే చేరిన లావుపాటి కానిస్టేబులు ఒకతను సగం దారిలో ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నాడు. ఆయాసం తీర్చుకుంటున్నాడో, ఇంకేమైనా అవుతోందో కింది నుంచి చూస్తే తెలియడం లేదు. పిలిచాను, వినబడలేదేమో, తల ఎత్తలేదు. చెప్పులు అక్కడే వదిలేసి నేను పైకి పరుగెత్తడం మొదలుపెట్టాను.