కడగొద్దన్న ప్లేటు

మా ఎదురింటి ఆంటీ కిందటి నెల కన్నుమూశారు. లీసెస్టర్‌లో ఉండే వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, మమ్మీ పొద్దున పోయింది" అంది. మళ్లీ తనే, "కిచెన్‌లో ఒక ప్లేటుంది, మీకిమ్మంది. కడగొద్దని మరీ మరీ చెప్పమంది. ఎందుకో మరి" అంది. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు.

ఆంటీది బాపట్ల వైపు. ఇక్కడ ఇంగ్లండులో, బేసింగ్‌స్టోక్ ఊళ్లో నర్సుగా రిటైరయ్యాక, ప్రతి బుధవారం కమ్యూనిటీ సెంటర్‌కెళ్లి పింగాణీ మీద ఎనామిల్ రంగులు వేయడం నేర్చుకున్నారు. ఆ పిచ్చి పట్టించింది మ్యూజియంలో ఒక గిన్నె. ఒకప్పుడు చైనా చక్రవర్తి కొలువు కోసం చేసిందట. దాని మీది పువ్వు రేకు అంచున ముదురు గులాబి, లోపలికి పోయేకొద్దీ పాలలో కలిసినట్టు తెలుపు. నన్నూ తీసుకెళ్లి చూపించారు. గాజుకు ముక్కు ఆనించి, "కింద తెల్లరంగు పెట్టి, దాని మీద గులాబిని కుంచెతో లాగాలమ్మా. చెయ్యి తొందరపడిందా, రేకు చచ్చిందే" అన్నారు.

ఆ గులాబి రంగులో రవ్వంత బంగారం ఉంటుంది. వాళ్ల చర్చి సంఘంలో నగలు పెట్టుకోరు, ఆంటీ మెడ ఎప్పుడూ బోసే. "నన్ను పెట్టుకోవద్దన్నారు గానీ, పువ్వుకి పెట్టొద్దని ఎవరన్నారు?" అనేవారు.

ఇక నా ఘనకార్యం. ఒకసారి ఆంటీకి జ్వరమని చారు పట్టుకెళ్లాను. ఆవిడ నిద్రలో ఉన్నారు. సింకు పక్కన బురద మరకలంటిన తెల్లప్లేటు కనిపించింది. పెద్దావిడ ఇంట్లో ఎంగిలి గిన్నె వదిలేసి వస్తానా? సబ్బు పెట్టి శుభ్రంగా తోమేశాను. అది మూడు వారాల పని. ఆ రంగు కాల్చకముందు మురికి ఊదాగా ఉంటుందని, బట్టీలో కాలితేనే గులాబి అవుతుందని నాకేం తెలుసు?

ఆంటీ లేచొచ్చి ప్లేటును చూశారు, నన్ను చూశారు. "మా వార్డులో కూడా ఇంత బాగా తోమినవాళ్లు లేరమ్మా" అని కుర్చీలో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ నీళ్లన్నీ నవ్వువి కావని నాకు తెలుసు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఆవిడ మాత్రం మర్నాడే మొదటి రేకు నుంచి మళ్లీ మొదలుపెట్టారు. తెలుగులో అడిగితే మా అబ్బాయి ఇంగ్లీషులో జవాబిస్తాడని నేను వాపోతే, "వాణ్ణింకా బట్టీలో పెట్టలేదు కదమ్మా, ఆగు" అనేవారు.

ఆంటీ నాకిమ్మన్న ఆ చివరి ప్లేటును కారు ముందు సీట్లో పెట్టి, బెల్టు వేసి, వెనక కార్లు బారులు తీరినా వేగం పెంచకుండా, బట్టీలో కాల్పించడానికి సెంటర్‌కి తీసుకెళ్లాను. ఇది కూడా నా చేతిలో పాడైతే ఇక మళ్లీ వేసేవాళ్లు లేరు. అక్కడి టీచరు దాన్ని తిప్పి చూసి, అంచున రంగులో పడ్డ ఆంటీ బొటనవేలి ముద్ర చూపించారు. తుడిచేయనా అని దూది తీశారు. వద్దన్నాను. ఒక ప్లేటును తుడవొద్దనడం నా జన్మలో అదే మొదలు.

ఇవాళ పొద్దున కాలిన ప్లేటు ఇంటికొచ్చింది. రేకులన్నీ విచ్చుకున్నాయి. సింకులో పెట్టి, కాలిన రంగు ఇక పోదన్న టీచరు మాట నమ్మి, సబ్బు పెట్టి కడిగాను. నీళ్ల కింద ఆ బొటనవేలు, గీతగీతా గులాబిగా, అలాగే ఉంది.