తలకొక సీసా

ఆ రోజుల్లో మేం దాహం వేసి బీరు తాగిన జ్ఞాపకం నాకు ఒక్కటి కూడా లేదు. కొత్త సరుకు దిగిందని ఫోన్లో కబురు వస్తే తాగేవాళ్ళం. ఐటీ ఉద్యోగాలు మంచి జోరు మీదున్న కాలం. సింగపూర్‌లో చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఒక బ్యాంకు ఆఫీసులో నా ఉద్యోగం, ఊరికి రెండో చివర బుకిట్ బటోక్‌లో అద్దె ఫ్లాటు, ఆ రెంటికీ మధ్య ట్రైన్లో కునికిపాట్లు. చేతిలో జీతం, బుర్రలో తీరిక ఉన్న మగవాళ్ళకి ఏదో ఒక పిచ్చి పట్టక మానదు. కొందరికి కెమెరాలు, కొందరికి మారథాన్లు, మాకు క్రాఫ్ట్ బీర్లు. తెలియనివాళ్ళకి చెబుతాను. చిన్న చిన్న చోట్ల కొద్దికొద్దిగా కాచే బీరుని అలా అంటారు. కొద్దిగా కాస్తారు కనక దొరకదు, దొరకదు కనక గొప్పది, గొప్పది కనక మాకు కావాలి. (ఈ వరసలో రుచి అనే మాట ఎక్కడా లేదని అప్పట్లో మాకు తట్టలేదు.)

మా ముఠా ముగ్గురం. నాయకుడు మా ఆఫీసులోనే టెస్టింగ్ టీముకి లీడు, నెల్లూరు మనిషి, అందరం కెప్టెన్ అనేవాళ్ళం. ఆయన బీరుని కూడా సాఫ్ట్‌వేర్ రిలీజులాగే నడిపేవాడు. ఎవరు క్యూలో ఉండాలి, ఎవరు ఫోన్ చూస్తూ ఉండాలి, సరుకు అయిపోతే ఏ దుకాణానికి పరిగెత్తాలి, అన్నీ ముందే ప్లాను. (ఆఫీసు రిలీజులు మాత్రం ఎప్పుడూ వాయిదా పడుతుండేవి.) రెండోవాడు ముప్పావు. తాగిన ప్రతి బీరుకీ ఫోన్లో అయిదుకి మార్కులు వేసేవాడు, ఏది తాగినా మూడు ముప్పావు. "నాలుగు వేసేస్తే రేపు దీన్ని మించింది వస్తే ఏం వెయ్యాలిరా?" అని వాడి బాధ. మూడోవాణ్ణి నేను. నాకు పేరేమీ పెట్టలేదు కానీ, పెడితే 'సరే' అని పెట్టాల్సింది. కెప్టెన్ ఏమన్నా నేను సరే అనేవాణ్ణి.

ఇన్ని తిప్పలు పడి తెచ్చిన సీసాని ఒక్కడే తాగడం మా ముఠాలో మహాపాపం. ముగ్గురూ కలిసినప్పుడే మూత తియ్యాలి, ముందు ఫొటో, తరవాత వాసన, తరవాత ఒక్కొక్కరికి చిన్న గ్లాసులో రెండు గుటకలు. ఆ తరవాత రుచిని వర్ణించాలి. సీసా మీద 'దేవదారు బంక, పంపరపనస తొక్క' అని రాసుంటే ముప్పావు కళ్ళు మూసుకుని "అవున్రా, దేవదారు తెలుస్తోంది" అనేవాడు. వాడిది తెనాలి. తెనాల్లో దేవదారు చెట్టు ఎక్కడుందో నాకు తెలీదు. ఒకసారి నేను ఉండబట్టలేక "నాకిది కాకరకాయ ఉడికించిన నీళ్ళలా ఉంది" అన్నాను. ఇద్దరూ నన్ను పెళ్ళిలో అపశకునం పలికినవాణ్ణి చూసినట్టు చూశారు. ఆ రోజు నుంచి నేనూ దేవదారే అనడం మొదలెట్టాను. నిజం చెప్పొద్దూ, అప్పటికే లోపల ఎక్కడో విసుగు మొదలైంది. శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగితే ఒకప్పుడు గుండె లేచేది, ఇప్పుడు నడుం నొప్పెట్టేది. కానీ ముఠా అన్నాక మానేస్తానని చెప్పడం ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం కన్నా కష్టం.

అలాంటి రోజుల్లో మా ఆవిడకి నెల తప్పింది. ఆరో నెల వచ్చేసరికి, "ఊరు చూడ్డానికి వస్తాను" అని ఏలూరు నుంచి మా మావయ్యగారు దిగారు. ఆయన ఎక్సైజు డిపార్ట్‌మెంట్‌లో పని చేసి రిటైరయ్యారు. సర్వీసంతా సారా కుండలు పగలగొట్టడం, బెల్లం ఊట పారబొయ్యడం. మా అత్తగారు మా పెళ్ళికి ముందే పోయారు. ఊరు చూడ్డానికి వచ్చిన మనిషి ఊరేమీ చూడలేదు. పొద్దున్నే దుప్పటి నాలుగు మడతలు పెట్టి, కిందకి దిగి మా బ్లాకు చుట్టూ నడిచి, పైకొచ్చి కూతురు మొహం చూసి, నా మొహం చూసి, ఏదో అనబోయి, పేపర్ తీసేవారు. వారం రోజులు ఇదే తంతు. నేను పిల్లనిచ్చిన మామకి నచ్చలేదేమోనని నాకు లోపల బెంగగానే ఉండేది.

ఆ బెంగకి తోడు మా ఫ్రిజ్. కూరగాయల అరంతా సీసాలే, వాటి మీద పుర్రెలు, ఎలుగుబంటి బొమ్మలు, మూడు కళ్ళ రాక్షసులు. దాచేద్దామనుకుంటూనే మర్చిపోయాను. ఒక మధ్యాహ్నం మావయ్యగారు పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచి, ఒక్కో సీసా బయటికి తీసి వెలుగులో పెట్టి చూసి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టి, నెమ్మదిగా నా వైపు తిరిగారు.

"ఇవి అమ్మకానికా, అల్లుడుగారూ?"

"కాదండీ. దాచుకోడానికి."

"తాగరా?"

"తాగుతామండీ, అప్పుడప్పుడూ. ముగ్గురం కలిసినప్పుడు."

ఆయన మళ్ళీ ఒకసారి ఫ్రిజ్‌లోకి చూసి, "పెరుగు కనబళ్ళేదండి," అని తలుపు మూసేశారు. నేను ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ వారమే కెప్టెన్ ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న నల్లబీరు వచ్చింది. చెక్క పీపాల్లో ఏడాది పాటు మాగబెట్టిందట. తలకొక సీసా మాత్రమే ఇస్తారట. చిన్నప్పుడు రేషన్ షాపు చూసినవాళ్ళకి ఆ మాట వింటే చేతులు ఊరికే ఉండవు. కెప్టెన్ వెంటనే ఫోన్ చేశాడు.

"మీ ఇంట్లో ఎన్ని తలకాయలబ్బా?"

"నాదొక్కటే. మా ఆవిడ వట్టిమనిషి కాదు కదా."

"మీ మామ ఉండాడు గదా. ఆయన తల ఖాళీనే గదా?"

సరే అన్నాను. ఎలా అడగాలో తెలియక, అన్నం దగ్గర నసుగుతూ విషయం చెప్పాను. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. మావయ్యగారు మాత్రం మజ్జిగ తాగి, "ఎన్నింటికి బయల్దేరాలండి?" అన్నారు.

శనివారం పొద్దున్న ఆ బీరు అమ్మే దుకాణం ముందు ఎండ మండిపోతోంది. మా కెప్టెన్ ఒక ఉపాయం పన్నాడు. సింగపూర్‌లో తిండి దుకాణాల దగ్గర టేబుల్ మీద చిన్న టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళితే అది మనదే, దాన్ని చోప్ చెయ్యడం అంటారు, ఎవరూ ముట్టుకోరు. అదే న్యాయంతో కెప్టెన్ క్యూలో మొదటి నుంచి నాలుగో చోట నేల మీద ఒక ప్యాకెట్ పెట్టి, ముప్పావుని తీసుకుని కాఫీకి వెళ్ళాడు. నేనూ మావయ్యగారూ వచ్చేసరికి, అక్కడ నిలబడ్డ చైనీస్ అంకుల్ ఆ ప్యాకెట్ తీసి, ఒక టిష్యూ లాగి మొహం తుడుచుకుంటున్నారు. కెప్టెన్ వెళ్ళి అది మా చోటు అని చెప్పబోతే, ఆయన ఎంతో మర్యాదగా "టేబుల్ కెన్ లా. క్యూ కెనాట్," అని, అంటే టేబుల్‌కి చెల్లుతుంది కానీ క్యూకి చెల్లదని, మిగిలిన టిష్యూలు కెప్టెన్ చేతిలో పెట్టారు. నలుగురం తోకకి వెళ్ళి నిలబడ్డాం, ముందు నేను, నా పక్కన మావయ్యగారు, వెనక వాళ్ళిద్దరూ.

క్యూ నత్తలా కదులుతోంది. మావయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని డ్యూటీలో నిలబడ్డట్టే నిలబడ్డారు. కాళ్ళు నొప్పులా అని అడిగాను.

"లేదండి. నా సర్వీసులో నేను పారబోసిందాని కోసం జనం ఇలా వరసగా నిలబడతారని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు," అన్నారు. క్యూ ఒక అడుగు కదిలాక, "ఇంట్లో కంటే ఇక్కడే బావుందండి. ఇంట్లో మీరు దొరకరు కదా," అన్నారు.

నేను ఫోన్ జేబులో పెట్టేశాను. ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ చూసుకోవడం, శనివారం సీసాల వెంట పడడం, ఆదివారం వాటిని వర్ణించడం. వచ్చి పది రోజులవుతున్నా ఆయనతో నేను కూర్చుని మాట్లాడింది లేదు. ఆయనకి నేను దొరికిన మొదటి చోటు ఈ క్యూ.

మా వంతు దగ్గర పడింది. కౌంటర్ వెనక సీసాలు పదో పన్నెండో ఉన్నట్టున్నాయి. వెనక కెప్టెన్ ఊపిరి నాకు వినబడుతోంది. సరిగ్గా అప్పుడే మావయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"మీ అత్తయ్య ఉంటే ఈపాటికి మిమ్మల్ని అడిగేసేదండి."

"ఏమిటండీ?"

"అమ్మాయిని పురిటికి పంపించమని." ఆయన నా వైపు చూడడం లేదు, సీసాల వైపు చూస్తున్నారు. "ఆడదిక్కు లేని ఇల్లండి. పంపమని అడగడానికి మొహం చెల్లడం లేదు. అడక్కుండా వెళ్ళిపోదామంటే మనసు ఒప్పడం లేదు. పక్కింటి అక్కగారి దగ్గర పథ్యం వంట నేర్చుకున్నాను. వెల్లుల్లి కారం మొదట మాడిపోయింది, ఇప్పుడు కుదురుతోంది. నీళ్ళు పొయ్యడానికి మనిషిని మాట్లాడాను. అయినా మీకు నమ్మకం కుదరాలి కదండి."

"నెక్స్ట్," అన్నాడు కౌంటర్ అతను.

"ఏందబ్బా, పో ముందుకు," అన్నాడు కెప్టెన్.

నేను కదల్లేదు. పది రోజులుగా గొంతులో పెట్టుకు తిరుగుతున్న మాట ఆయన ఇప్పటికి బయటపెట్టారు. ఇప్పుడు నేను కౌంటర్ వైపు తిరిగితే ఆ మాట మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుందని, ఇక జన్మలో బయటికి రాదని నాకు తెలిసిపోయింది. పక్కకి తప్పుకుని, కెప్టెన్‌ని, ముప్పావుని ముందుకు వెళ్ళమన్నాను. కెప్టెన్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ప్రొడక్షన్లో సర్వర్ పడిపోయినప్పుడు కూడా ఆ మనిషి అలా చూడలేదు.

మావయ్యగార్ని ఎదురుగా ఉన్న తిండి దుకాణాల వరసలోకి తీసుకెళ్ళి టీ ఇప్పించాను. "మీరు అడగడం ఏమిటండీ, తనకి మీ దగ్గరికే వెళ్ళాలని ఉంటుంది," అన్నాను. ఆ మాట అన్నాక నాకే అనుమానం వచ్చింది, ఎందుకంటే మా ఆవిడ నాతో ఎప్పుడూ పురుడు ఇక్కడే అంటూ వచ్చింది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఇంటికి వెళ్ళగానే మావయ్యగారు సూట్‌కేసు అడుగున, పంచెల మధ్య దాచిన చిన్న డబ్బా తీసి కూతురి ముందు పెట్టారు. వచ్చిన రోజు నుంచీ అందులో ఉందిట ఆ వెల్లుల్లి కారం. మా ఆవిడ మూత తీసి, వేలితో కాస్త అద్దుకుని నాలిక మీద పెట్టుకుంది.

"ఎవరు చేశారు నాన్నా?"

"నేనేనమ్మా."

తను ఇంకోసారి అద్దుకుంది. కళ్ళు నిండిపోయాయి. "ఉప్పెక్కువైంది," అంది. "నీకు చేతకాదు, నా వల్ల నలిగిపోతావని ఇన్నాళ్ళూ పురుడు ఇక్కడే అన్నాను." ఆ తరవాత నా వైపు తిరిగి, "టికెట్లు ఎప్పటికి దొరుకుతాయో చూడండి," అంది. మావయ్యగారు పేపర్ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అది తలకిందులుగా ఉందని మేమిద్దరం చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను ఫ్రిజ్‌లో సీసాలన్నీ సంచిలో వేసి కెప్టెన్ ఇంట్లో దింపేశాను. "ఏందబ్బా, సన్యాసమా?" అన్నాడు. కాదు, విసుగొచ్చింది అన్నాను. ఆ మాట అనడానికి నాకు అంత కాలం ఎందుకు పట్టిందో ఇప్పటికీ అర్థం కాదు. (ముప్పావు మాత్రం నన్ను కాస్త అసూయగా చూశాడు.)

పాప పుట్టాక ఒక సాయంత్రం, మా బ్లాకు కింద దుకాణంలో ఎవరికైనా దొరికే మామూలు బీరు ఒకటి తెచ్చుకుని, నిండా ఒక గ్లాసు పోసుకుని, ఏలూరికి వీడియో కాల్ చేశాను. మావయ్యగారు ఎత్తారు. "పాప పడుకుందండి. చూస్తారా?" అని ఫోన్ ఉయ్యాల మీదికి పట్టుకున్నారు. ఆయన బొటనవేలు సగం తెర మీద పడి, నాకు ఒక చెవి, కాస్త బుగ్గ, గుప్పెడు మూసిన చిన్న చెయ్యి మాత్రమే కనబడ్డాయి. వేలు అడ్డుగా ఉందని చెబుదామనుకున్నాను. కానీ, పాప లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి, చెయ్యి కదపకుండా నిలబడ్డ మనిషిని కదపబుద్ధి కాలేదు. గ్లాసు ఎప్పుడు ఖాళీ అయిందో, అది దేవదారులా ఉందో కాకరకాయలా ఉందో నేను చూసుకోలేదు. ఇద్దరం చాలాసేపు అలాగే ఉండిపోయాం, ఆయన ఆ వైపు, నేను ఈ వైపు. ఎండలో సీసాల కోసం అన్ని శనివారాలు నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. పాపం, వాడికి నిలబడడం బాగానే వచ్చు, ఎవరి కోసం నిలబడాలో తెలియడానికే కొంచెం ఆలస్యమైంది.