సినిమాలో మా పెద్దమ్మ శోకం

ఎవరైనా పక్కున నవ్వితే నాకు కాళ్ళూ చేతులూ చల్లబడతాయి. నవ్వింది నా మీద కాదని తెలుసు. అయినా ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఇంట్లోవాళ్ళు నన్ను ఎప్పుడూ మొహం మాడ్చుకుని ఉండే మనిషి అనుకుంటారు. అనుకోనీ. అసలు సంగతి వాళ్ళెవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే ఇవాళ చెప్తున్నాను.

నేను సినిమాలకు డబ్బింగ్ మాటలు రాస్తాను. మాది జనగామ. చాలాకాలం హైదరాబాద్‌లో ఒకరి చేతికింద పనిచేశాక నాకంటూ ఓ పెద్ద సినిమా దొరికింది. పిల్లలు చదివే బొమ్మల పుస్తకంలోంచి తీసిన ఇంగ్లీషు సినిమా. ఇనుప చేతుల వీరుడు ఆకాశంలో ఎగురుతాడు, ఊళ్ళకు ఊళ్ళు కూలిపోతాయి, ఆఖరికి లోకం బతికి బయటపడుతుంది. వీరుడికి పుస్తకాల తెలుగు రాయమన్నారు. వాడి వెంట తిరిగే ఉడుములాంటి జీవికి మాత్రం మన తెలంగాణ యాస పెట్టమన్నారు. నవ్వు పండుతుందన్నారు. మన మాటను సినిమాల్లో రౌడీలకూ జోకర్లకూ అంటగడతారని చిన్నప్పటి నుంచీ తిట్టుకున్నవాణ్ణే. ఆ రోజు మారుమాట లేకుండా తలూపాను. పని కావాలి మరి.

ఆ ఉడుముకో ఇనుప పిట్ట ఉంటుంది. యుద్ధంలో అది తునాతునకలైపోయి ఒక్క రెక్క మిగులుతుంది. రెక్కను ఒళ్ళో పెట్టుకుని ఉడుము ఏడుస్తుంది. ఇంగ్లీషులో అది వట్టి గొణుగుడే. కానీ తెర మీద పెదవులు ఆడినంతసేపూ మాట వినబడాలి, మా పనే అది. ఏం రాసినా అతకడం లేదు. గదిలో అందరూ విసుక్కుంటున్నారు. అప్పుడు నా నోట్లోకి మా పెద్దమ్మ మాట వచ్చింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. నర్సింహులపేటలో ఉంటుంది. ఆమె కొడుకు యాకయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన అన్న. భూపాలపల్లి వైపు పనికి పోతుంటే దారిలో లారీ గుద్దింది. అతని సద్దిగిన్నెను ఎవరో తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టారు. మా దగ్గర ఆడవాళ్ళు చావింట్లో ఊరికే ఏడవరు. శోకం తీస్తారు. రాగం కట్టి, పోయినవాళ్ళతో మాట్లాడుతూ ఏడుస్తారు. ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ తీసిన శోకం ఇదీ.

"గిన్నె ఇంటికొచ్చె కొడుకా, నువ్వు రాకపోతివి కొడుకా... గిన్నెను కడుగుదునా కొడుకా, కడుగకుంట దాసుకుందునా కొడుకా..."

గిన్నె తీసేసి రెక్క అన్నాను. కొడుకా తీసేసి పిట్టా అన్నాను. అంతే. ఉడుము పెదవులకు అచ్చం సరిపోయింది. గదిలో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నా వీపు తట్టారు. నేనూ నవ్వాను.

అవి ఎవరి మాటలో రాసేటప్పుడు గుర్తులేదని మీకు చెప్పొచ్చు. గుర్తుంది. ఆ గిన్నె కూడా నా కళ్ళముందే ఉంది. మరెందుకు రాశాను? శోకం అందరిదీ అనుకున్నాను, సామెతలాగా, బతుకమ్మ పాటలాగా ఊరుమ్మడి సొత్తు, దాని మీద ఎవరి పేరూ రాసి ఉండదు కదా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఆ పూటకు అలా అనుకోవడం నాకు అవసరమైందా? ఏ తల్లి శోకం ఆ తల్లే కట్టుకుంటుందని నాకు తెలియదా? తెలుసు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నన్ను ఎవరూ పట్టలేదు.

సినిమా ఆడుతున్న రోజుల్లోనే పెద్దమ్మ కళ్ళు చూపించుకోవడానికి జనగామ దవాఖానకు వచ్చింది. వెంట యాకయ్య కూతురు. ఆ పిల్లకు ఇనుప చేతుల వీరుడంటే ప్రాణం. సినిమా చూపించమని పట్టుబట్టింది. హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చి ఉన్న నేనే ఇద్దరినీ తీసుకుపోయాను. ఏదో వంక చెప్పి ఆపలేకపోయేవాణ్ణా? ఆపగలిగేవాణ్ణే. కానీ నాకు హాలు నవ్వు వినాలని ఉంది. ఆ మాటలు నేనే రాశానని ఇంట్లో అప్పటికి చెప్పలేదు. సినిమా అయ్యాక చెప్పి అందరినీ ఆశ్చర్యపరచాలనుకున్నాను. పెద్దమ్మ గుర్తుపడుతుందేమోనన్న అనుమానం రాకపోలేదు. ఆ పేలుళ్ళలో ముసలామెకు ఏం వినబడుతుందిలే అని దాన్ని తోసేశాను.

పెద్దమ్మ కళ్ళు మసకే గానీ చెవులు కాదు. కొంగు కప్పుకుని కునుకుతున్న మనిషి ఉడుము నోరు తెరవగానే నిటారుగా కూర్చుంది. హాలంతా గొల్లున నవ్వింది. ఈలలు వేశారు. తన తండ్రి శోకానికి ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. దానికేం తెలుసు పాపం, అప్పుడు చంకలో బిడ్డ. నేను తేలు కుట్టిన దొంగలా తెర వైపే చూస్తూ కూర్చున్నాను. పెద్దమ్మ వైపు తిరిగే ధైర్యం లేకపోయింది.

బయటికొచ్చి నడుస్తున్నాం. పిల్ల ముందు ఎగురుకుంటూ పోతోంది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గా ఉడుము మాటలు ఎవలు రాస్తరు బిడ్డా?"

"ఏమో పెద్దమ్మా. హైదరాబాదుల ఎవలో రాస్తరు. నాకేం ఎరుక?"

ఆమె నా చెయ్యి వదలకుండానే నాలుగడుగులు వేసింది. తర్వాత అంది.

"గాయినకు గూడ కొడుకు పోయిండేమో. లేకుంటే గా మాట యాడికెల్లి వస్తది? పాపం."

"అయ్యుంటది పెద్దమ్మా," అన్నాను.

రాయడం ఒక తప్పు. ఆ 'అయ్యుంటది' అనడం అంతకంటే పెద్ద తప్పు. లేని కొడుకును చంపుకుని ఆమె జాలిని కూడా కాజేశాను. ఇంకొకటి ఉంది. నేను సినిమాల్లో ఏదో రాతపని చేస్తానని పెద్దమ్మకు తెలుసు. ఆమె తెలియక అడిగిందా? తెలిసే, ఇప్పటికైనా చెప్పుకుంటాడేమోనని అడిగిందా? ఈ ప్రశ్న నన్ను కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు.

ఆ మాట ఫోన్లకెక్కింది. చెప్పు తెగినా, చాయ్ ఒలికినా "కడుగుదునా, దాసుకుందునా" అని రాగం తీయడం కుర్రాళ్ళకు అలవాటైంది. కొన్నాళ్ళకు మా అమ్మ పోయింది. పెద్దమ్మ వచ్చింది. ఆడవాళ్ళంతా జరిగి ఆమెకు అమ్మ తల దగ్గర చోటిచ్చారు. చెల్లెలి నుదుటి మీద చెయ్యి వేసి రాగం ఎత్తింది.

"దువ్వెన గూట్లెనే ఉండె చెల్లే, నువ్వు లేకపోతివి చెల్లే..."

అదే రాగం, అదే తీరు. ఆమెకు వచ్చిన శోకం అదొక్కటే. టెంటు కింద కూర్చున్నవాళ్ళలో ఎవడికో నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. పెద్దమ్మ గొంతు అక్కడే నిలిచిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంతసేపు చూసినా మళ్ళీ ఎత్తలేదు. మా మేనమామ లేచి ఆ నవ్వినవాణ్ణి చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బ నాకు పడాల్సింది. అమ్మ కాళ్ళ దగ్గర తలవంచుకుని నిలబడ్డాను. అమ్మను అక్క శోకం లేకుండానే సాగనంపాం.

ఆ తర్వాత పెద్దమ్మ ఏ చావింట్లోనూ శోకం తీయలేదు. పోతుంది, ఒక మూల కూర్చుంటుంది, లేచి వస్తుంది. వయసు మీదపడి గొంతు పోయిందని ఊళ్ళో అనుకుంటారు. నేనూ అవునంటాను. ఆ పని మానేశానని చెప్పుకుంటే బాగుండేది. మానలేదు, ఇంకా రాస్తూనే ఉన్నాను.

పెద్దమ్మ ఇంకా ఉంది. జనగామలో బస్సెక్కితే ఆ పూటకే ఆమె ముందు కూర్చోవచ్చు. కూర్చున్నాను కూడా, చాలాసార్లు. చాయ్ తాగి, పిల్ల చదువు గురించి అడిగి, తిరిగి వచ్చేశాను. ఆమెకు చదవడం రాదు. అందుకే ఇదంతా కాగితం మీద రాయగలుగుతున్నానేమో. ఇదీ పిరికితనమే. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ పని మీది కాదు. అయినా ఇంతవరకు రాసేసరికి గుండె మీద బండ కాస్త జరిగినట్టుంది. సిగ్గుగానే ఉంది, అయినా ఊపిరి ఆడుతోంది. ఆ ఉడుము మాటలు రాసినవాడికి కొడుకు పోలేదు. పోయింది మా పెద్దమ్మకు. మాటలూ ఆమెవే.